పోటీరాయుడు

ఆదివారం తెల్లవారకముందే విశాఖ ఆర్కే బీచ్‌లో ఓ పాతికమంది సైకిళ్లతో పోగవుతారు. పద్మనాభం దాకా వెళ్లి, కొండకింద టీ తాగి, ఎండ ముదరకముందే ఇళ్లకు చేరడం కార్యక్రమం. ఇది సరదాకే తప్ప పోటీ కాదని ముందురోజే వాట్సాప్‌లో రాసుకుంటారు. ఆ సందేశానికి అందరికంటే ముందు బొటనవేలు గుర్తు పెట్టేది పోటీరాయుడే. మద్దిలపాలెం దాటేసరికి ఆయన లోపల పందెం తుపాకీ పేలిపోతుంది.

ఆయన ఉద్యోగం ఏదైనా కావచ్చు. స్టీల్ ప్లాంటులో అధికారి అయితే మరీ విచిత్రం. హెల్మెట్ లేకుండా షాపులో అడుగుపెట్టిన కుర్రాణ్ణి గేటుదాకా తరిమే మనిషి, సైకిలెక్కితే తన హెల్మెట్‌ను హ్యాండిల్‌కు తగిలిస్తాడు. తలకు గాలి ఆడాలట. పోనీ తెలియక అనుకుందామా అంటే, 2003లో పారిస్-నీస్ పందెంలో పడిపోయి కజకిస్థాన్ ఆటగాడు కివిలెవ్ చనిపోయాడనీ, ఆ ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం హెల్మెట్‌ను తప్పనిసరి చేసిందనీ అందరికీ చెప్పేది ఆయనే.

ఆయనతో పోటీపడేవాళ్లకు తాము పోటీలో ఉన్నట్టు తెలియదు. మధురవాడ దగ్గర క్యాన్లు కట్టుకుని పోతున్న పాలబ్బాయి కనిపిస్తాడు. రాయుడు గేరు మార్చి, పళ్లు బిగించి, అరకిలోమీటరు వెంటపడతాడు. పాలబ్బాయి తన దారిన తాను సందులోకి తిరిగిపోతాడు. ఒక ప్రత్యర్థి తప్పుకున్నాడు! 1794 జులై 10న ఇదే పద్మనాభంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి నేలకొరిగాడు. పాపం, ఆ యుద్ధంలో ఎవరు ఎవరితో పోరాడుతున్నారో ఇరుపక్షాలకూ తెలుసు.

ముందున్నవాడి వెనక చక్రానికి దగ్గరగా తొక్కితే గాలి దెబ్బ తగ్గి, శ్రమ బాగా కలిసొస్తుంది. గుంపుగా తొక్కేవాళ్లంతా చేసే పనే ఇది. అయితే వెనకవాడికి ముందు మనిషి వీపు తప్ప రోడ్డు కనిపించదు. అందుకే ముందున్నవాడు గోతిని చేత్తో చూపించాలి, ‘గొయ్యి!’ అని అరవాలి. అడ్డదిడ్డంగా తిరక్కుండా తిన్నగా పోవాలి. వెనకవాడి ముందు చక్రం ముందువాడి వెనక చక్రానికి రాసుకుంటే, పడేది చాలావరకు వెనకవాడే. ఒక్కోసారి ముందువాడికి ఆ సంగతే తెలియదు. లక్షలు పోసి కార్బన్ సైకిలు కొన్న రాయుడు ఈ కానీ ఖర్చులేని కేక మాత్రం వెయ్యడు. గోతుల వివరాలు ఆయన వ్యాపార రహస్యం. పంటల కాలంలో పల్లెదారిన చోళ్లో ఉలవలో ఆరబోసి ఉంటే, వాటిమీద చక్రం జారబోయి తమాయించుకున్నాక కూడా, వెనక్కి ఒక్క మాట చెప్పడు.

తోటివాళ్ల వీపు దొరక్కపోతే ఆయన ఆటో వెనకపడతాడు. ఆనందపురం దాటాక, పూలబుట్టలు దించి వస్తున్న ఆటోలో వెనక్కి తిరిగి కూర్చున్న ముసలమ్మకూ ఆయనకూ మధ్య జానెడు దూరం. ఆమె కాసేపు జాలిగా చూసి, ‘నోపల సోటుంది కదేటి బాబూ, ఎక్కీ’ అంటుంది. ఆటో ఎవరైనా చెయ్యెత్తగానే ఆగిపోతుంది, దానికి సిగ్నలంటూ ఉండదు. ఆగింది. రాయుడి తప్పేంలేదు, బ్రేకులు మంచివి కాబట్టి బతికాడు. తప్పంతా ఆటోవాడిదని మాత్రం తీర్పిచ్చాడు.

వాలులో ఆయన సీటు దిగి ముందున్న గొట్టంమీద కూర్చుని, హ్యాండిల్‌మీదికి వాలిపోతాడు. 2016 టూర్ డి ఫ్రాన్స్‌లో క్రిస్ ఫ్రూమ్ పేరెసూర్ద్ కనుమ అలాగే దిగి ఆ రోజు పందెం గెలిచాడు. ప్రమాదమని 2021లో అంతర్జాతీయ సంఘం ఆ భంగిమను నిషేధించింది. ఆ నిషేధం వార్త చదివాకే రాయుడికి అలా కూర్చోవచ్చని తెలిసింది.

క్రీడాస్ఫూర్తి అంటే మాత్రం ఆయనకు కళ్లు చెమరుస్తాయి. 2022 టూర్‌లో స్పాండెల్ దిగుడులో పొగాచర్ కంకరమీద జారిపడితే, అతని ప్రత్యర్థి, పసుపు చొక్కాలో ఉన్న వింగెగార్డ్ వేగం తగ్గించి అతని కోసం చూశాడు. పొగాచర్ అందుకుని చెయ్యి కలిపాడు. ఆ వీడియోను రాయుడు గ్రూపులో ఏటా పంచుతాడు. మొన్న తోటి డాక్టరుగారి చైను ఊడితే మాత్రం పక్కనుంచి దూసుకుపోయాడు. ‘అరెరే, మీరా అండీ! ఎవరో అనుకున్నాను’ అని టీ దగ్గర నొచ్చుకున్నాడు.

చివరికి గ్రూపు పెద్దలు ఆలోచించి ఆయనకు తోకమనిషి పని అప్పగించారు. అందరికీ వెనక వస్తూ, పంక్చరైనవాళ్లనూ అలిసినవాళ్లనూ చూసుకోవడమన్నమాట. బాధ్యత వచ్చింది, ఇక మారతాడన్నారు. రెండు వారాలు నిజంగానే బుద్ధిగా ఉన్నాడు. మూడోవారం, కాలు పట్టేసిన బ్యాంకు మేనేజరుగారు ఆయనకంటే వెనకబడ్డారు. తోకమనిషిని దాటి వెనక్కిపోవడమా! రాయుడు వేగం తగ్గించాడు. పాపం, ఆయన ఇంకా తగ్గించారు. బళ్లో పంద్రాగస్టుకు పెట్టే స్లో సైకిల్ పందెంలా ఇద్దరూ హ్యాండిళ్లు అటూ ఇటూ తిప్పుకుంటూ పద్మనాభం చేరేసరికి టీకొట్టు దగ్గర అందరూ రెండో టీ కూడా తాగేశారు. దారిలో రాయుడు ఒకసారి కాలు నేలకానించాడని మేనేజరుగారు అంటారు. అది కాలు కాదు, బూటు అని రాయుడి వాదన.