సంక్రాంతికి ఊరెళ్తున్నారు, మరి కుక్క మాటేమిటి?
సిట్టర్ల సైట్లు నడిపేవారికి ఎదురు సలహాలు

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే ఆక్లాండ్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళలో సూట్‌కేసులు మంచాల కింద నుంచి బయటికొస్తాయి. జనవరిలో దాదాపు నెలంతా బడులకు వేసవి సెలవులే. సంక్రాంతి ఆ సెలవుల్లోనే పడుతుంది. ఏడాదికో రెండేళ్ళకో అమ్మానాన్నలను చూసుకునే అదను అదొక్కటే. సరిగ్గా ఆ వారాల్లోనే మిగతా న్యూజీలాండ్ కూడా ఇంటికి తాళం వేసి సముద్రం ఒడ్డుకు బయల్దేరుతుంది. కంపానియన్ యానిమల్స్ న్యూజీలాండ్ సంస్థ 2020 నివేదిక ప్రకారం ఈ దేశంలో నూటికి 64 ఇళ్ళలో ఏదో ఒక పెంపుడు ప్రాణి ఉంది. 41 ఇళ్ళలో పిల్లి, 34 ఇళ్ళలో కుక్క. ఊళ్ళో అయితే పక్కింటి పిన్నిగారి చేతిలో తాళంచెవి పెట్టి రైలెక్కేవాళ్ళం. ఇక్కడ పక్కింటివాళ్ళూ అదే రోజు ప్రయాణమవుతారు.

అందుకే హౌస్ సిట్టర్ల సైట్లు పుట్టాయి. యజమాని తన ఇంటి వివరాలు, జంతువు వివరాలు పెడతాడు. సిట్టర్ దరఖాస్తు చేస్తాడు. కుదిరితే సిట్టర్‌కు అద్దె లేని వసతి, జంతువుకు తోడు. కివీ హౌస్‌సిట్టర్స్‌లో సిట్టర్లే ఏడాది చందా కడతారు, యజమానులకు ఉచితం. 2010లో బ్రిటన్‌లో మొదలైన ట్రస్టెడ్‌హౌస్‌సిట్టర్స్‌లో ఇద్దరూ కడతారు. పాషేక్ లాంటివాటిలో సిట్టర్‌కు రోజుకింత అని డబ్బు ముడుతుంది.

ఈ సైట్లను బాగుచేయాలంటే ఏం చేయాలని అడిగితే ఎవరైనా చెప్పేది ఒకటే: వేగం పెంచండి, ఫారాలు తగ్గించండి, ఒక్క నొక్కుతో బుకింగ్ అయిపోవాలి, నక్షత్రాలు మెరవాలి. నా సలహాలన్నీ దీనికి ఎదురు. వినగానే తలకిందులుగా అనిపిస్తాయి. కారణం చెబుతాను, ఆలోచించండి. ఈ వ్యవహారంలో ఉన్నది ఇద్దరు కాదు, ముగ్గురు. మూడోదానికి నోరు లేదు, లాగిన్ లేదు, ఫిర్యాదు చేసే దారి లేదు. మనుషులకు సుఖంగా ఉన్న ప్రతి మార్పూ దానికి సుఖంగా ఉండదు.

1. వేగం తగ్గించండి

బుకింగ్ ఖాయం కావాలంటే సిట్టర్ ఒక్కసారైనా ఆ ఇంటికి వెళ్ళి జంతువును చూసి ఉండాలని నియమం పెట్టండి. దూరమైతే కనీసం ఫోన్లో వీడియో కాల్, ఆ తర్వాత ప్రయాణానికి ముందు రాత్రి యజమాని ఇంట్లో ఉండగానే సిట్టర్ అక్కడ పడుకోవాలి. ఈ నియమంతో కొన్ని బుకింగులు పోతాయి, పోనివ్వండి.

ఆ ఒక్క పూటలో ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూడండి. కొత్త మనిషి గొంతు వినగానే పిల్లి వాషింగ్ మెషీన్ వెనక దూరుతుంది. యజమానురాలు కంగారు పడకుండా గిన్నెలో చెంచా రెండుసార్లు టంగుమనిపిస్తుంది, పది నిమిషాలకు ముక్కు బయటికొస్తుంది. థైరాయిడ్ మాత్రను చీజ్ ముక్కలో ఎలా దాచాలో, చీజ్ నాకేసి మాత్రను సోఫా కింద ఎక్కడ ఉమ్ముతుందో చూపిస్తుంది. కుక్క బెల్టును రెండో రంధ్రం దాకా బిగించకపోతే గేటు దగ్గర తల వెనక్కి లాక్కుని పారిపోతుందని సిట్టర్ చేతిలో బెల్టు పెట్టి చెబుతుంది. వీటిలో ఏ ఒక్కటీ ఎవరూ ఫారంలో రాయరు. రాయాలని తట్టదు కూడా.

2. దరఖాస్తులకు గట్టు కట్టండి

మౌంట్ మౌంగనూయిలో బీచ్ పక్కనున్న ఇంటికి, ఒక ముసలి పిల్లికి, జనవరిలో సిట్టర్ కావాలని పెట్టి చూడండి. దరఖాస్తులు వరదలా వస్తాయి. తౌమరునూయి ఊరి అవతల రెండు మేకలు, పన్నెండు కోళ్ళు, ఒక గొర్రెకుక్క ఉన్న లైఫ్‌స్టైల్ బ్లాకుకు, అంటే చిన్న పొలంతో ఉన్న ఇంటికి, పెట్టండి. ఫోను మోగదు. ట్రస్టెడ్‌హౌస్‌సిట్టర్స్ అయిదు దరఖాస్తులు రాగానే కొత్తవి తీసుకోవడం ఆపుతుంది, యజమాని వాటిలో కొన్నింటికి జవాబిస్తేనే మళ్ళీ తెరుస్తుంది. నేనైతే మూడు దగ్గరే ఆపమంటాను. ముగ్గురైతే యజమాని ముగ్గురితోనూ మాట్లాడతాడు. నలభైమంది అయితే ఫొటోలు చూసి ముప్ఫైఏడుగురిని వదిలేస్తాడు. జవాబే రాని కొత్త సిట్టర్ రెండో నెలకు సైటు వదిలి వెళ్ళిపోతాడు. ఎవరూ అడగని ఇల్లు జాబితాలో పైన కనిపించాలి, అందరూ అడిగే ఇల్లు కింద.

3. సిట్టర్ పేరూ ముఖమూ దాచండి

నమ్మకం కలగాలంటే ఫొటో ఉండాలంటారు. అమెరికాలో గదులు అద్దెకిచ్చే ఎయిర్‌బీఎన్‌బీ సైటు మీద ఎడెల్మన్, లూకా, స్విర్‌స్కీ అనే ముగ్గురు 2017లో ప్రచురించిన అధ్యయనం చదవండి. నల్లవారి పేర్లుగా వినిపించే పేర్లతో గది అడిగితే ఒప్పుకునే అవకాశం, తెల్లవారి పేర్లతో అడిగినప్పటికన్నా 16 శాతం తగ్గింది. 2018లో ఎయిర్‌బీఎన్‌బీయే దారి మార్చుకుని, బుకింగ్ ఒప్పుకున్నాకే అతిథి ఫొటో కనిపించేలా చేసింది.

మన ఇంటిపేరు, సొంత పేరు, మధ్యలో వెంకట, సత్య, నాగ అన్నీ కలిపి రాసుకున్న కుర్రాడికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు ఇంటి దగ్గర గేదెలను, దూడలను చూసుకున్నవాడికి, కుక్కకు సూది వేయించడం తెలిసినవాడికి, పేరు పలకడం రాదని అవకాశం పోకూడదు. మొదట చూపించాల్సింది అనుభవం: ఏ జంతువులను చూశాడు, ఏ మందులు వేయడం వచ్చు, రాత్రి ఇంట్లో ఉంటాడా, కారు ఉందా. మాట్లాడుకుందామని ఇద్దరూ అనుకున్నాక పేరూ ముఖమూ కనిపిస్తే చాలు. మనిషిని ఎదురుగా చూడాల్సిన అవసరం మొదటి సలహాతో ఎలాగూ తీరుతుంది.

4. జంతువు చెడ్డగుణాలు మొదటి వరుసలో పెట్టించండి

యజమాని తన కుక్కను ముద్దుగా వర్ణించడం సహజం. ఆ వర్ణన కింద ఉండనివ్వండి. పైన మాత్రం తప్పనిసరి ప్రశ్నలుండాలి: ఎవరినైనా కరిచిందా? చిన్నపిల్లలను చూసి మొరుగుతుందా? నవంబరు 5న గై ఫాక్స్ రోజు కాల్చే టపాసులకూ, ఆ చుట్టుపక్కలే వచ్చే మన దీపావళి టపాసులకూ ఏం చేస్తుంది? ఒంటరిగా వదిలితే తలుపు గీరుతుందా?

ఇది మర్యాద సంగతి కాదు, చట్టం సంగతి. న్యూజీలాండ్ కుక్కల నియంత్రణ చట్టం, 1996 ప్రకారం కుక్క ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్ళు కూడా యజమాని కిందికే వస్తారు. తప్పిపోయిన కుక్కను తిరిగి అప్పజెప్పడానికి ఉంచుకోవడం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అంతే. అంటే మీరు హైదరాబాద్ విమానం ఎక్కిన క్షణం నుంచి మీ కుక్క బాధ్యత సిట్టర్ మీద కూడా పడుతుంది. కుక్క మీదపడి కరిస్తే కోర్టులో 3,000 డాలర్ల దాకా జరిమానా ఉంది, నష్టపరిహారం వేరే. 1999 నాటి జంతు సంక్షేమ చట్టం కూడా యజమానితో పాటు జంతువును చూసుకుంటున్న వ్యక్తి మీద తిండి, నీరు, నీడ, వైద్యం బాధ్యత పెట్టింది. జంతువులకు సుఖదుఃఖాలు తెలుస్తాయని 2015 సవరణలో రాసుకున్న దేశమిది. ఇంత బరువు మోయబోయే మనిషి దగ్గర కుక్క కరిచిన సంగతి దాచడం అన్యాయం.

5. నక్షత్రాలు తీసేయండి

బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో ఎయిర్‌బీఎన్‌బీ రేటింగులు లెక్కగట్టారు. దాదాపు 95 శాతం ఇళ్ళకు నాలుగున్నర గానీ అయిదు గానీ నక్షత్రాలున్నాయి. అందరూ ఫస్ట్ క్లాసులో పాసయిన పరీక్షకు విలువేముంది? ఒకరింట్లో పడుకున్నవాడు ఆ ఇంటివాళ్ళ గురించి, తన పిల్లిని చూసినవాడి గురించి ఆ ఇంటివాళ్ళు బహిరంగంగా చెడు రాయడానికి మొహమాటపడతారు.

నక్షత్రాల బదులు అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలు అడగండి. మందు ఒక్క పూటైనా తప్పిందా? వెళ్ళేటప్పుడూ వచ్చాకా బరువు ఎంత? కుక్క రోజూ నడకకు వెళ్ళిందా? ఈ మనిషికి మళ్ళీ తాళాలిస్తారా? అవతలివాళ్ళు రాసేదాకా మీ జవాబు వాళ్ళకు కనిపించకూడదు. బరువు తగ్గిన పిల్లి చెప్పే మాటకన్నా నిజమైన రివ్యూ లేదు.

6. 'పోలీసు తనిఖీ అయింది' అనే బ్యాడ్జీ తీసేయండి

ఇలాంటి బ్యాడ్జీకి ఆధారమయ్యే తన నేర చరిత్ర పత్రాన్ని న్యాయశాఖ నుంచి ఎవరైనా ఉచితంగా తెప్పించుకోవచ్చు. 2004 నాటి క్లీన్ స్లేట్ చట్టం కింద, జైలుశిక్ష పడని పాత నేరాలు, ఏడేళ్ళు మళ్ళీ తప్పు చేయకపోతే, ఇతర షరతులు కూడా కుదిరితే, అందులో కనిపించవు. నిరుడు ఈ దేశంలో దిగినవాడి పత్రం ఎలాగూ ఖాళీగా ఉంటుంది, మంచివాడైనా కాకపోయినా. ఆ పత్రం చెప్పేది చాలా కొంచెం, పచ్చని టిక్కు చూసి యజమాని నమ్మేది చాలా ఎక్కువ. పెళ్ళి సంబంధం కుదుర్చుకునేముందు పెద్దలు అబ్బాయి ఊళ్ళో వాకబు చేసినట్టు, ఇద్దరు మనుషుల ఫోను నంబర్లు తీసుకుని యజమాని చేత స్వయంగా మాట్లాడించండి. మాట్లాడానని యజమాని టిక్కు పెట్టేదాకా తేదీలు ఖాయం కాకూడదు.

7. ఫారం పొడుగు చేయండి, వంటింట్లోకి కూడా తొంగిచూడండి

ఫారంలో ప్రశ్నలు ఎక్కువైతే జనం మధ్యలో వదిలేస్తారని భయపడతారు. అరగంట ఫారం నింపే ఓపిక లేనివారికి మూడు వారాలు ఒక ప్రాణాన్ని అప్పగించలేం.

సిట్టర్ ఏం వండుతాడని అడగండి. ఉల్లి, వెల్లుల్లి కుక్కకూ పిల్లికీ విషం. ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ద్రాక్షలో ఉన్న టార్టారిక్ ఆమ్లమే అందుకు కారణమని అమెరికాలో పశువైద్యులు 2021లో ప్రతిపాదించారు. ఆ ఆమ్లం చింతపండులో దండిగా ఉంది, చింతపండు తిన్న కుక్కలకూ అలాంటి జబ్బే చేసింది. అంటే పులిహోర, పప్పుచారు, పులుసు మిగిలాయని ప్రేమతో కుక్క గిన్నెలో వేస్తే ప్రమాదం. పిల్లికి మాంసాహారం తప్పదు, పెరుగన్నంతో బతకలేదు. శాకాహారి సిట్టర్ మాంసం డబ్బా తెరిచి పెట్టగలడా అని ముందే అడగండి. పెట్టలేనంటే ఆయన కోళ్ళున్న ఇంటికి వెళ్ళవచ్చు.

యజమానిని పెరడు గురించి అడగండి. వేసవి చివరికి కరాకా చెట్టు కింద నారింజరంగు పళ్ళు రాలి కుళ్ళుతుంటాయి. గింజలోని విషం కుక్క ప్రాణం తీయగలదు. 2009లో ఆక్లాండ్ బీచ్‌లలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు స్లగ్‌లు తిని కుక్కలు చచ్చిపోయాయి. ఇక్కడివాళ్ళకు ఇవి తెలిసినవే, కొత్తగా వచ్చిన సిట్టర్‌కు తెలియవు.

యజమానిని ఇవి కూడా అడగండి: వరదొస్తే జంతువుతో ఎటు పోవాలి? పిల్లి బుట్ట ఎక్కడుంది? 2023 జనవరి 27న ఆక్లాండ్ వరదలో మునిగింది సెలవుల కాలంలోనే. మైక్రోచిప్ రిజిస్టరులో మీ నంబరొక్కటే ఉండి, మీరు విజయవాడలో నిద్రపోతుంటే, తప్పిపోయిన కుక్క దొరికినా ఫోనెత్తేవాళ్ళుండరు. ఇక్కడున్న మరొకరి నంబరు చేర్చేదాకా ఫారం ముందుకు కదలకూడదు.

8. విజిటర్ వీసా మీద వచ్చినవారిని తీసుకోకండి

ఉచితంగా తిరగొచ్చని పర్యాటకులను పిలిస్తే సభ్యులు పెరుగుతారు. కానీ ఈ దేశపు వలస నిబంధనల్లో ప్రతిఫలానికి చేసేది ఏదైనా పనే, ప్రతిఫలమంటే డబ్బొక్కటే కాదు, తిండీ బసా కూడా. 2025 జనవరి 27 నుంచి విజిటర్ వీసా మీద ఉన్నవారు విదేశీ యజమానికి దూరం నుంచి పనిచేయడానికి వీలు కల్పించారు. ఇక్కడి ఇంట్లో బసకు బదులుగా కుక్కను చూడటం దాని కిందికి రాదు. విమానాశ్రయంలో వెనక్కి పంపేస్తే సిట్టర్ ప్రయాణం ఒక్కటే పోదు, ఆ రాత్రి గిన్నె నింపేవాళ్ళు లేక కుక్క పస్తుంటుంది. పని హక్కు ఉందో లేదో నమోదులోనే అడగండి.

9. జోడీ కుదిరాక వాళ్ళను వెళ్ళనివ్వండి

మొదటిసారి సైటు ద్వారా కలిసినవాళ్ళు రెండోసారి నేరుగా ఫోన్ చేసుకుంటారని సైట్లకు పెద్ద దిగులు. నంబర్లు దాచడం, మెసేజీలు జల్లెడ పట్టడం అందుకే. ఆ పని మానేయండి. తెలిసిన మనిషి మళ్ళీ రావడంకన్నా కుక్కకు కావాల్సింది లేదు. గేటు దగ్గర ఎవరి అడుగుల చప్పుడు వినగానే కుక్క తోక ఊపుతుందో ఆ సిట్టర్‌ను దూరం చేసి ప్రతి డిసెంబరుకూ కొత్త ముఖం పంపడం వ్యాపారం కావచ్చు, సేవ కాదు.

అదే జోడీ మళ్ళీ బుక్ చేసుకుంటే రుసుము తీసుకోకండి. దాని బదులు వాళ్ళకు నిజంగా అక్కరకొచ్చేది అమ్మండి: అర్ధరాత్రి పశువైద్యుడితో మాట్లాడే లైను, సిట్టర్‌కు జ్వరమొస్తే ఆరుగంటల్లో మరో మనిషి, వైద్యం ఖర్చుకు ముందే జమచేసిన డిపాజిట్. ఇవి ఫోను నంబరు మార్చుకున్నంత మాత్రాన దొరికేవి కావు. వాటికోసం చందా కట్టి ఉంటారు.

చివరిగా, లెక్క మార్చండి

ఈ నెల ఎన్ని బుకింగులయ్యాయి, ఎంతమంది చేరారు అనే లెక్కల ముందు కూర్చున్నంతకాలం పై సలహాలన్నీ నష్టంగానే కనిపిస్తాయి. ఒకే ఒక్క అంకె గోడమీద రాసుకోండి: మన సైటులో ఉన్న జంతువుల్లో నూటికి ఎన్ని, రెండో ఏడాది కూడా అదే మనిషి చేతిలో ఉన్నాయి? ఆ అంకె పెరిగితే మిగతావి కుదురుకుంటాయి. సైట్లు తయారుచేసే ఉద్యోగాల్లో మన తెలుగు పిల్లలు ఆక్లాండ్‌లోనూ వెల్లింగ్టన్‌లోనూ ఉన్నారు. వాళ్ళకు నా విన్నపం: ఈసారి మీటింగులో "బుకింగ్ ఇంకా త్వరగా అయ్యేలా చేద్దాం" అని ఎవరైనా అంటే, "కుక్కకు దానివల్ల ఏం మేలు?" అని అడగండి. జవాబు దొరకకపోతే ఆ మార్పు చేయకండి.