కొనక కొన్న సుఖము: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పూని కాళిదాసుకు టీక రాసినవాడు మెదక్ సీమ కొల్చారం మల్లినాథసూరి. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగం ఈ వ్యాఖ్యాతకు శిరోధార్యం. రెండో సగం పాటించడం కుదరదు. వ్యాఖ్యానించవలసిన విషయమే అక్కర్లేని వస్తువుల గురించి మరి.

సందర్భం ఇది. రాత్రి పదకొండు. గిన్నెలు తోమడం అయింది, పాలు తోడు పెట్టడమూ అయింది. ఇల్లాలు గోడవైపు తిరిగి పడుకుని ఫోను చూస్తోంది. అందులో ఎవరో ఒకావిడ కొరియర్ కవరును కత్తెరతో కత్తిరిస్తోంది. పక్కనున్న భర్త అడిగాడు: "ఎవరో కొనుక్కున్న చీర నువ్వు చూడటమేమిటి?" ఆమె జవాబు చెప్పలేదు, సౌండు కాస్త పెంచింది. ఆ జవాబును కవి పద్యం చేశాడు. మూలకర్తా టీకాకర్తా ఒకరే కాబట్టి కవిహృదయం విషయంలో వివాదం ఉండకూడదు. అయినా ఉంది, కింద చూడవచ్చు.

మూలం

ఆమె కొన్న చీర యందఱు చూడగ
విప్పు వేళ మనకు వేడ్క కలుగు
పైక మామెదైన భాగ్యంబు మనకబ్బు
కొనక కొన్న సుఖము, కొదవ లేదు.

ప్రతిపదార్థం

ఆమె = ఛానల్ గల ఒకానొక స్త్రీ; కొన్న = ఆర్డరు పెట్టి, ఓటీపీ చెప్పి, పుచ్చుకున్న; చీర = అయిదున్నర మీటర్ల నిడివీ, దానితోపాటే నేసి వచ్చే 80 సెంటీమీటర్ల బ్లౌజు పీసూ గల వస్త్రము; అందఱు = సబ్‌స్క్రైబ్ చేసినవారును, చేయనివారును, "ఇంకా చేయకపోతే వెంటనే చేసేయండి" అనిపించుకున్నవారును; చూడగ = చూచుచుండగా; విప్పు వేళ = కవరు చింపి మడతలు విప్పు సమయమున; మనకు = పైసా పెట్టని మనకు; వేడ్క = వేడుక; కలుగు = కలుగును; పైకము = డబ్బు; ఆమెది ఐన = ఆవిడదే అయినప్పటికీ (ఇక్కడ పాఠాంతరం కలదు); భాగ్యంబు = అదృష్టము; మనకు అబ్బు = మనకు దక్కును; కొనక = కార్టులో వేసినా ఆర్డరు నొక్కక; కొన్న సుఖము = కొన్నంత ఆనందము; కొదవ లేదు = దీనికి లోటు లేదు, రేపు ఇంకో వీడియో వచ్చును.

తాత్పర్యం

ఒకరు కొన్న చీరను ఊరంతా చూస్తుండగా విప్పితే, చూసేవారికి కొన్నంత సంబరం కలుగుతుంది. ఖర్చు ఆమెకు, కాలక్షేపం మనకు.

విశేషాలు

*ఉపలక్షణం.* "ఆమె" అన్నంత మాత్రాన మగవాళ్లు తప్పించుకోలేరు. కొత్త ఫోను అన్‌బాక్సింగ్‌లో తెర మీది పల్చటి ప్లాస్టిక్ పొరను మెల్లగా లాగుతుంటే రెప్ప వెయ్యకుండా చూసే మగవాడికీ ఈ పద్యం వర్తిస్తుంది. "చీర" అన్నదీ అంతే. మీషో కుర్తీలు, డీమార్ట్ స్టీలు డబ్బాలు, పూజ సామాను అన్నీ ఇందులో చేరతాయి. డల్లాస్‌లో ఉండే తెలుగావిడ కాస్ట్‌కో నుంచి తెచ్చిన సరుకులు ఫ్రిజ్‌లో సర్దుతుంటే తెనాలిలో ఒక తల్లి శ్రద్ధగా చూస్తుంది. ఆమెకు కావలసింది ఆ పాల క్యాను కాదు. అక్కడున్న తన కూతురు ఏం తిని బతుకుతోందో తెలుసుకోవడం.

*దేశకాలాలు.* యూట్యూబ్ 2005లో పుట్టింది. మన దగ్గర ఫోను పట్టుకున్న ప్రతి చెయ్యీ గంటల తరబడి వీడియోలు చూడగలిగింది మాత్రం 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక. అంతకు ముందు ఎంబీలు లెక్కపెట్టుకున్న జనం ఎవరి చీరో అరగంట చూసే సాహసం చేసి ఉండరు. 2015లో మొదలైన మీషో వంటివి చిన్న ఊళ్లకూ చవక చీరను మోసుకొచ్చాయి. కొరియర్ అబ్బాయి వచ్చాకే డబ్బిచ్చే సదుపాయం భయం పోగొట్టింది. వస్తువు, దారి, తీరిక మూడూ కలిశాయి.

*అలంకారం.* "కొనక కొన్న" అన్నచోట విరోధాభాసమని కొందరు. కారణం లేకుండానే కార్యం పుట్టింది గనుక విభావన అని మరికొందరు. మూడో పాదంలో మాత్రం ఎవరికీ సందేహం లేదు. కారణం ఒకచోటా కార్యం ఇంకోచోటా ఉంటే అది అసంగతి. యూపీఐలో డబ్బు కట్ అయింది ఆవిడ ఖాతాలో, ఉల్లాసం పుట్టింది ఇక్కడ మన మంచం మీద. అసంగతికి ఇంతకంటే మంచి లక్ష్యం దొరకదు.

*రస సామగ్రి.* చీర ఆలంబన విభావం. కత్తెర, కవరు చప్పుడు, రింగ్ లైటు ఉద్దీపనాలు. "వావ్" అనడం, కనుబొమలెత్తడం అనుభావాలు. ఇక వ్యభిచారి భావాలు ముప్పై మూడింటిలో చాలావరకు హాజరు: రంగు పోతుందేమోనని శంక, ధర తలచుకుని చింత, తర్వాతి కవరు కోసం ఔత్సుక్యం. నిద్ర కూడా ఆ జాబితాలోనే ఉంది. ఫోను జారి ముక్కు మీద పడటం దాని అనుభావం.

రసం ఎక్కడుంది?

ఈ ప్రశ్న మీద పూర్వం కాశ్మీర పండితులు గట్టిగా వాదించుకున్నారు. ఆ వాదనలన్నీ చీర కొంగు దగ్గర మళ్లీ పనికొస్తున్నాయి.

లొల్లటుడి మతం ప్రకారం రసం ముఖ్యంగా ఉండేది కథలోని పాత్రలోనే, రాముడి కథ అయితే రాముడిలోనే. ఈ లెక్కన ఆనందమంతా కొన్నావిడదే. అయితే సూర్యాపేటలో కూర్చుని చూసేవారికి ఏం దక్కినట్టు? ఇదే మన భర్తగారి ఆక్షేపణ. ఆయన తెలియకుండానే లొల్లట పక్షీయుడు.

శంకుకుడు చిత్రతురగ న్యాయం తెచ్చాడు. గోడ మీది గుర్రం బొమ్మ గుర్రమని అనలేం, కాదనీ అనలేం. ఛానల్ ఆవిడ "క్వాలిటీ అయితే సూపర్ ఉంది ఫ్రెండ్స్" అన్నప్పుడు ఆ సంతోషమూ అలాంటిదే. దాన్నిబట్టి మనం ఆనందాన్ని ఊహించుకుంటాం. దీనికి ప్రత్యాక్షేపణ: కొండ మీద పొగ చూసి నిప్పును ఊహించినవాడికి చలి తీరదు కదా!

భట్టనాయకుడు సాధారణీకరణం అన్నాడు. పాత్ర ఫలానా వ్యక్తిగా మిగలక అందరికీ సొంతమైపోవడం అది. ఈయన చూపు ఎంత సూక్ష్మమో ఇలాంటి వీడియోలు జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది. చాలావాటిలో కెమెరా నెత్తి మీద ఉంటుంది, ముఖం పడదు. పరుపు మీద పరిచిన దుప్పటి, రెండు చేతులు, గాజులు, అంతే. ఆ చేతులు చీర ఒంటి పొర కింద అరచెయ్యి పెట్టి, వేళ్లు కదిపి, ఎంత పల్చగా ఉందో చూపిస్తాయి. అంచు తిరగేసి వెనకవైపు జరీ దారాలు వేలాడుతున్నాయా లేదా చూపిస్తాయి. కొంగు కుచ్చులు లాగి చూస్తాయి. ముఖం లేని చేతులు ఎవరివైనా కావచ్చు. కాసేపటికి అవి మనవే.

అభినవగుప్తుడు ఇంకో మెట్టెక్కాడు. రసం బయటినుంచి రాదు, సహృదయుడిలో ముందే ఉన్న వాసన మేల్కొంటుందన్నాడు. ఈ పద్యానికి ఇదే సిద్ధాంత పక్షం. అయితే మేల్కొనే వాసన ఏది? చీర మీద మోజు అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

బెసెంట్ రోడ్డులోనో సుల్తాన్ బజార్‌లోనో బట్టల కొట్లో తెల్ల పరుపు అంచున కూర్చున్న ఘడియ గుర్తు తెచ్చుకోండి. గుమాస్తా ఒక్కో చీరా విసిరి పరుస్తుంటాడు. "ఇదే బోర్డరు, కొంచెం లేత రంగులో" అంటే ఇంకో పది దించుతాడు. కుప్ప పెరుగుతున్నకొద్దీ చూసేవాళ్ల గుండెలో బరువు పెరుగుతుంది. ఇన్ని విప్పించి ఉత్త చేతులతో లేవడమెలా? చివరికి "మళ్లీ వస్తామండీ" అంటాం. ఆయన నమ్మడు, మనమూ నమ్మం.

ఇంట్లోనూ ఇంతే. కోడలు సారె తెచ్చిందని పేరంటానికి పిలుస్తారు. పసుపు కుంకుమ, పళ్లెంలో చలిమిడి, మంచం మీద వరసగా చీరలు. "బాగుంది వదినా, ఎంత పడింది?" అని అడగాలి. అడగకపోతే కుళ్లనుకుంటారు, మరీ ఆరా తీస్తే ఆశనుకుంటారు. చెప్పిన ధరలో ఎంత కలిపారో మనసులో తీసేసుకోవాలి. పైగా రేపు మన పిల్ల సారె చూడటానికి వాళ్లొస్తారు. ఈ చూపు అప్పు కిందే లెక్క, తీర్చక తప్పదు.

కాబట్టి తెలుగు ఇళ్లల్లో ఇంకొకరి చీర చూడాలన్న కోరిక పాతదే, చాలా పాతది. దాని వెన్నంటే మొహమాటం ఉండేది. ఫోను చేసిన మహోపకారం ఆ మొహమాటాన్ని కోసెయ్యడం. ఇక్కడ పొగడక్కర్లేదు, ధర వాళ్లే చెబుతారు, నచ్చకపోతే మధ్యలో వేలితో తోసెయ్యవచ్చు. అరవై చీరలు విప్పించినా గుమాస్తా మొహం ముడుచుకోడు. పద్యంలో "చూడగ" అన్న క్రియకు కర్తలు "అందఱు" అని చెప్పిన కవి, చూసేవారిని చూసేది ఎవరో చెప్పలేదు. ఎవరూ లేరు గనుక. ఆ లేకపోవడమే ఇక్కడ సుఖం.

రసానుభవానికి ఏడు విఘ్నాలున్నాయని కూడా అభినవగుప్తుడే చెప్పాడు. తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోవడం వాటిలో ఒకటి. ఈఎంఐ కట్ అయినట్టు వీడియో మధ్యలో వచ్చే బ్యాంకు మెసేజి ఈ కోవలోకి వస్తుంది.

పాఠాంతరం

మూడో పాదంలో "పైక మామెదైన" బదులు "పైక మెవరిదైన" అని మరో పాఠం. రెండింటికీ గణాలు సరిపోతాయి. ఏది సాధువో తేల్చడానికి వ్యాకరణం చాలదు, ఆదాయపు పన్ను చట్టం చూడాలి. కంపెనీ ఉచితంగా పంపిన చీరనూ "నేను తీసుకున్నాను ఫ్రెండ్స్" అనడం కద్దు. 2022 జూలై 1 నుంచి 194ఆర్ సెక్షన్‌గా అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం, వ్యాపారంలో భాగంగా ఒకరి నుంచి వచ్చే ఇలాంటి లాభాల విలువ ఏడాదిలో 20,000 రూపాయలు దాటితే ఇచ్చేవారు 10 శాతం టీడీఎస్ జమయ్యేలా చూడాలి. వీడియో అయ్యాక వస్తువు తిరిగి పంపేస్తే లాభం కాదు, అట్టే పెట్టుకుంటే లాభమే. అంటే రెండో పాఠం చదివినా చీర బీరువాలోకి వెళ్లిందా లేదా అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. డబ్బో వస్తువో పుచ్చుకుని చెబుతున్నప్పుడు ఆ సంగతి స్పష్టంగా తెలపాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలూ ఇచ్చింది. కనుక నిజాయితీ గల ఛానళ్లలో మొదటి పాఠమూ, తక్కినవాటిలో రెండో పాఠమూ గ్రాహ్యం.

శంకలు, సమాధానాలు

*శంక:* ఇది అసూయ కాదా?
*సమాధానం:* అసూయ వ్యభిచారి భావం, వచ్చి పోతుంది. అది స్థిరపడాలంటే పరిచయం ఉండాలి. తోడికోడలు కొన్న చీర మూడేళ్లు గుర్తుంటుంది. ఛానల్ ఆవిడ కొన్నది తర్వాతి వీడియో దాకా ఉంటే గొప్ప.

*శంక:* చీర బాగా లేదని చెప్పే వీడియోలు మరీ ఇష్టంగా చూస్తారెందుకు?
*సమాధానం:* "ఫొటోలో ఒకలా ఉంది, వచ్చింది ఒకలా ఉంది, రిటర్న్ పెట్టేస్తున్నా ఫ్రెండ్స్" అన్న ఘట్టంలో ప్రేక్షకురాలి ఆనందం రెట్టింపు. అంతవరకూ కొనకపోవడం లేమి, ఇప్పుడది తెలివి.

*శంక:* నిజంగా ఎవరూ కొనరా? అయితే ఛానళ్లెలా బతుకుతాయి?
*సమాధానం:* కొంటారు. వీడియో కింద లింకు ఉంటుంది, దాని గుండా వెళ్లి కొంటే చాలాచోట్ల ఛానల్‌కు కమీషను వస్తుంది. "స్టాకు అయిపోతోంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి" అన్న తొందర అందుకే. దీనివల్ల "కొనక" అన్న పదానికి భంగం రాదు. లింకు నొక్కేవరకే ఈ పద్యానికి అధికారం.

నిగమనం

లింకు నొక్కాక ఏమవుతుంది? అయిదో రోజు కవరు ఇంటికొస్తుంది. ఫాల్ కుట్టించాలి, పీకో వేయించాలి, బ్లౌజుకు టైలరు పది రోజులంటాడు. కట్టుకుని పెళ్లికి వెళితే, "బాగుంది, ఎంత పడింది?" అని అడిగేవారు అక్కడ సిద్ధంగా ఉంటారు. మూడు వందల తొంభై తొమ్మిదని నిజం చెప్పాలా, ఇంకో వెయ్యి కలపాలా అన్నది అప్పటికప్పుడు తేల్చుకోవాలి. వదిలించుకున్న మొహమాటమంతా వడ్డీతో తిరిగొస్తుంది. ఇప్పుడా ప్రేక్షకురాలు సహృదయురాలు కాదు, పాత్ర. రసం పాత్రలోనే ఉంటుందన్న లొల్లటుడు ఆవిడ ముఖం ఒకసారి చూసి ఉంటే తన మతం మార్చుకునేవాడు.