పేరు విననిది ఊరే కాదనుకున్నాను

మీతో కాబట్టి చెప్పుకుంటున్నాను. నాకు పేర్ల పిచ్చి ఉంది. పదిమంది నోట నలిగే చోటైతే నెలల ముందే రూములు బుక్ చేస్తాను. ఎవరూ పేరెత్తని చోటైతే "అక్కడేముంటుందిలే, ఓ పూటలో చూసేద్దాం" అంటాను. ఈ గుణం మీలోనూ కాస్తో కూస్తో ఉంటుందనే నా నమ్మకం. అందుకే దాచకుండా చెప్పే ధైర్యం వచ్చింది.

జపాన్ వెళ్ళినప్పుడు ఈ పిచ్చి ముదిరింది. టోక్యోకి, క్యోటోకి, ఫుజి కొండకి రోజులకు రోజులు రాసిచ్చేశాను. మా ఆవిడ మాత్రం సానిన్ చూడాలని పట్టుబట్టింది. హోన్షూ దీవికి పడమటి వైపు, జపాన్ సముద్రాన్ని ఆనుకుని ఉండే సీమ అది. తొత్తొరి, షిమానె అనే రెండు ప్రిఫెక్చర్లు అందులో ముఖ్యమైనవి. జపాన్‌లోని 47 ప్రిఫెక్చర్లలో జనాభా అన్నిటికంటే తక్కువ తొత్తొరిలో, ఆ తర్వాత షిమానెలో. ఇది చదివానో లేదో తీర్పు చెప్పేశాను. జనమే లేని చోట చూడ్డానికేముంటుంది?

నా లెక్క ఇదీ. పొద్దున మత్సుయె కోట, మధ్యాహ్నం ఇజుమొ గుడి, సాయంత్రం ఇవామి వెండి గనులు, మర్నాడు తొత్తొరి ఇసుక దిబ్బలు, ఆ రాత్రికి మళ్ళీ పెద్ద నగరం. ఫోన్‌లోని పటంలో అన్నీ పక్కపక్కనే కనిపించాయి. నిజానికి ఆ కొసనుంచి ఈ కొసకు రెండు వందల కిలోమీటర్లకు దగ్గర దగ్గర. రైళ్ళు తక్కువ, బస్సులు మరీ తక్కువ.

"ఏవండీ, మత్సుయెలో సాయంత్రం దాకా ఉందామండీ. షింజి సరస్సు మీద పొద్దు గుంకడం చూడాలి" అంది.

"పొద్దు మన ఊళ్ళో గుంకడం లేదా?" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మత్సుయె కోట 1611లో కట్టింది. యుద్ధాలూ మంటలూ దాటుకుని, అసలు కట్టడం అలాగే నిలిచిన కోటలు జపాన్ మొత్తం మీద పన్నెండే. వాటిలో ఇదొకటి. 2015లో దీన్ని జాతీయ నిధిగా ప్రకటించారు. దాని చుట్టూ ఉన్న కందకంలో పడవలు తిరుగుతాయి. తక్కువ ఎత్తు వంతెనలు వచ్చినప్పుడు పడవ కప్పు కిందికి దిగుతుంది, ఎక్కినవాళ్ళంతా నడుం వంచాలి. ఆ పడవ నేను ఎక్కనివ్వలేదు. కందకం పక్కనే లాఫ్కాడియో హెర్న్ ఉన్న ఇల్లుంది. గ్రీకు దీవిలో పుట్టిన ఆ రచయిత 1890లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పడానికి ఈ ఊరొచ్చాడు. ఇక్కడి అమ్మాయి సెత్సుని పెళ్ళాడాడు, కొయిజుమి యకుమొ అని పేరు మార్చుకున్నాడు, జపాన్ దయ్యాల కథలు ప్రపంచానికి చెప్పాడు. ఆయన ఈ ఊళ్ళో ఉన్నది ఏడాది పైచిలుకే. అయినా ఊరు ఆయన్ని మరవలేదు, ఆయనా ఊరిని మరవలేదు. నేను ఆ ఇంటి వాకిలి ఫొటో తీసుకుని వచ్చేశాను.

ఇజుమొ గుడిలోనూ అదే ఉరుకు. జపాన్‌లోని అతి పాత షింటో ఆలయాల్లో ఇదొకటి. దేవుడు ఓకునినుషి, మనుషుల మధ్య ముడులు వేసేవాడు. చాంద్రమానం ప్రకారం పదో నెలలో దేశంలోని దేవతలంతా పక్కనే ఉన్న ఇనాసా తీరానికి వచ్చి, ఇక్కడ కొలువు తీరి, ఎవరిని ఎవరితో కలపాలో మాట్లాడుకుంటారని వాళ్ళ నమ్మకం. అందుకే ఆ నెలను మిగతా జపాన్ దేవతలు లేని నెల అంటుంది, ఇజుమొ మాత్రం దేవతలు ఉన్న నెల అంటుంది. వేరే గుళ్ళలో రెండుసార్లు చప్పట్లు కొట్టి మొక్కుతారు, ఇక్కడ నాలుగుసార్లు. నేను రెండు కొట్టి వెనక్కి తిరిగాను. మా ఆవిడ నాలుగూ కొట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. నేను వాచీ చూసుకుంటూ నిలబడ్డాను.

గుడి పక్కనే పెద్ద మ్యూజియం. "మ్యూజియాలు ఎక్కడైనా ఉంటాయి" అని ఆమె చెయ్యి పట్టుకుని స్టేషన్‌కి లాక్కెళ్ళాను. రైలెక్కాం, ఓదాలో దిగాం, బస్సు కోసం పడిగాపులు పడ్డాం, గనులున్న ఒమొరి చేరేసరికి పొద్దు వాలింది. గని సొరంగం దాకా బస్సు వెళ్ళదని అప్పుడు తెలిసింది. ముప్పావు గంట నడక. నడవలేదు, పరుగెత్తాను. ఎర్ర పెంకుటిళ్ళు, వాగు, గుళ్ళు, దేన్నీ చూడకుండా పరుగెత్తాను. వెనక ఆమె, ముందు నేను, చేరేసరికి గేటు మూస్తున్నారు. బతిమాలాను, తల వంచి క్షమించమన్నారు. మళ్ళీ వెనక్కి పరుగు. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. చీకటి పడింది. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఒక దుకాణంలోని పెద్దావిడ మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, టీ పోసి, టాక్సీకి ఫోన్ చేసింది. గోడ మీద పాత పటం నకలు ఒకటుంది. 1595లో ఆర్టీలియస్ తన అట్లాసులో అచ్చువేసిన జపాన్ పటం. అందులో ఇవామి పేరుంది, అక్కడ వెండి గనులున్నాయని లాటిన్‌లో రాసి ఉంది. పదహారో శతాబ్దం చివర, పదిహేడో శతాబ్దం మొదట్లో ప్రపంచంలో తీసిన వెండిలో మూడో వంతు దాకా జపాన్‌దేనని అంచనా, అందులో పెద్ద వాటా ఈ కొండలది. చైనా వర్తకులూ పోర్చుగీసువాళ్ళూ ఈ వెండి కోసం సముద్రాలు దాటారు. నాలుగు వందల ఏళ్ళ కిందట యూరప్‌లో అచ్చైన పేరును, ఎవరూ ఎరగనిది అనుకుని నేను ఒక పూటకు కుదించాను. ఊరికి పేరు లేకపోవడం కాదు, నా చెవికి అందకపోవడం.

మనందరం చేసేది ఇదే. మనకు తెలిసినంత మేరకే లోకం ఉందనుకుంటాం, తెలియనిదాన్ని చిన్నదని తేల్చేస్తాం. చూసే ఓపిక లేనితనానికి "అక్కడేం లేదు" అని పేరు పెడతాం.

ఆ రాత్రే ఇసుక దిబ్బల లెక్క చింపేశాం. మర్నాడు తీరిగ్గా సొరంగంలో నడిచాం. ఉలితో చెక్కిన గుర్తులు గోడల మీద అలాగే ఉన్నాయి. కొండ నిండా ఇలాంటి సొరంగాలు ఆరు వందలకు పైగా ఉన్నాయట. 1923లో గని మూతపడింది. గనికి కట్టెలు కావాలి కాబట్టి అడవిని నరికేసి వదలక, మళ్ళీ మొక్కలు నాటుతూ కాపాడుకున్నారు. 2007లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ సంగతినీ మెచ్చుకుంది. గనిలో పోయినవాళ్ళ ఆత్మశాంతికి చెక్కించిన ఐదు వందల బౌద్ధ అర్హతుల రాతి బొమ్మలు అక్కడి గుహల్లో ఉన్నాయి. ఒక ముఖం ఇంకో ముఖంలా ఉండదు.

తర్వాత ఇజుమొ మ్యూజియానికి తిరిగి వెళ్ళాం. 1984లో దగ్గర్లోని కోజిన్‌దాని అనే లోయలో ఒక్క చోటే 358 కంచు కత్తులు దొరికాయి. అప్పటిదాకా జపాన్ అంతటా దొరికినవన్నీ కలిపినా అన్ని లేవు. వాటిని ఈ మ్యూజియంలో ఒక గోడ నిండా వరసగా పేర్చారు. చరిత్రకారులు కూడా అంతవరకు ఇజుమొ గొప్పలను పురాణాల మాటలుగానే చూశారట. ఆ గోడ ముందు నిలబడి, ఈసారి నాలుగు చప్పట్లూ కొట్టడానికి గుడికి వెళ్ళాను.

మీరు సానిన్ వెళ్తే నాలా వెళ్ళకండి. ఒకాయమా నుంచి యకుమొ రైలెక్కితే కొండల మీదుగా మూడు గంటల్లో ఇజుమొ చేరతారు. మత్సుయెలో గది తీసుకోండి. పొద్దున షింజి సరస్సులో పట్టిన షిజిమి గుల్లల చారు తాగండి, పడవ ఎక్కండి, సాయంత్రం సరస్సు ఒడ్డున కూర్చోండి. గనులకు ఒక రోజు పూర్తిగా ఇవ్వండి, ఆఖరి బస్సు వేళ ముందే రాసిపెట్టుకోండి. తొత్తొరి దిబ్బలను మరో ప్రయాణానికి ఉంచండి. మేమూ అలాగే ఉంచాం. ఈసారి లెక్క మా ఆవిడది.