ప్రభుత్వం ఖర్చు తగ్గించాలి, నా మందులు వచ్చాక

అమెరికా పౌరసత్వం వచ్చి మొదటి ఓటు వేయబోయే మన పిల్లలు నన్నడిగే మాట ఒకటే. "బాబాయ్, పన్నులు కట్టేది మనం, ఉచిత వైద్యం ఇంకెవరికో. దీని మీద గట్టిగా మాట్లాడాలంటే ఎలా?" డాలస్ ఉత్తర శివార్లలో ఎవరింట్లో భోజనాలైనా సరే, ఇరవై ఏళ్ళుగా నేను మాట్లాడేది ఈ విషయమే. ఇంతవరకూ ఒక్కరి అభిప్రాయమూ మారలేదు. కాకపోతే పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి నా బల్ల చుట్టూ కుర్చీలు ఖాళీ అయిపోతాయి, అంటే నా వాదనకు ఎదురు లేదన్నమాట. నేను కన్సర్వేటివ్‌ని. ప్రభుత్వం చిన్నగా ఉండాలి, ఖర్చు తగ్గాలి, ఎవరి వైద్యం వాళ్ళు చూసుకోవాలి. మీరూ నాలా కావాలనుకుంటే ఈ చిట్కాలు దగ్గర పెట్టుకోండి.

ముందు మాటలు సరిగ్గా వాడటం నేర్చుకోండి. ఖజానా నుంచి మీకు వచ్చేది హక్కు. పక్కింటాయనకు వచ్చేది ఉచితం. ముక్కూమొహం తెలియనివాడికి వచ్చేది దోపిడీ. ఒక మాట చోట ఇంకోటి పడిందా, వాదన అక్కడే బోర్లా పడుతుంది.

నా సంగతే చూడండి. ఈ మధ్యే 66 నిండాయి. పర్సులో వెంకటేశ్వరస్వామి ఫొటో వెనకాల పల్చటి కాగితం కార్డు ఒకటుంది, మెడికేర్‌ది. పెద్దవయసువాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా అది, 1965 జులై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో పుట్టిన పథకం. నేను 1997లో వైటూకే పుణ్యమా అని కోబాల్ రాయడానికి వచ్చిన దగ్గర్నుంచి ప్రతి జీతంలోనూ 1.45 శాతం కోసుకున్నారు, కంపెనీ మరో 1.45 కలిపింది. కాబట్టి అది నేను దాచుకున్న డబ్బు. ఇలాగే చెప్పండి, బల్ల గుద్ది మరీ చెప్పండి. ఎవరో ఒక కుర్రాడు లేచి, ఎక్కడా దాచలేదు బాబాయ్, అప్పుడు కోసింది అప్పటి ముసలివాళ్ళ ఆస్పత్రి బిల్లులకే పోయింది అంటాడు. ఇంకాస్త చదివినవాడైతే మెడికేర్‌లోని పార్ట్ బి సంగతి ఎత్తుతాడు. డాక్టర్ల ఫీజులూ పరీక్షలూ అందులోంచే. 2025లో దాని మామూలు ప్రీమియం నెలకు 185 డాలర్లు. అసలు ఖర్చులో పావు వంతుకు సరిపోయేలా లెక్కగట్టిన ప్రీమియం అది. మిగతాది దాదాపు అంతా సాధారణ ఖజానా భరిస్తుంది, అంటే ఆ కుర్రాడి పన్ను. అప్పుడు అతని భుజం మీద చెయ్యి వేసి "నీకింకా చిన్నతనం" అనండి. అబద్ధం కూడా కాదు. చిన్నవాడు కనకే కడుతున్నాడు.

2009 వేసవిలో సౌత్ కెరొలైనాలో ఒక కాంగ్రెస్ సభ్యుడి సభలో ఓ పెద్దమనిషి లేచి, సర్కారు చేతులు నా మెడికేర్ మీద పడనివ్వొద్దని హెచ్చరించాడు. దేశమంతా పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదు. మా సంప్రదాయానికి గోత్రఋషి ఆయనే.

ఎవరి వైద్యం ఖర్చు వాళ్ళే పెట్టుకోవాలన్నారు కదా, మరి కొత్తగా ఇచ్చే సాయానికి మీరే కట్టండి అని ప్రభుత్వం అంటే ఏం చేయాలి? దీనికి పాఠం షికాగోలో ఉంది. పెద్ద జబ్బు వచ్చి ముసలివాళ్ళు దివాళా తీయకుండా 1988లో మెడికేర్‌ను విస్తరించారు. సంతకం అధ్యక్షుడు రీగన్‌ది. ఖర్చు ఆ పథకం అందుకునే ముసలివాళ్ళే భరించాలి, ఉన్నవాళ్ళు ఇంకొంచెం ఎక్కువ వేసుకోవాలి అన్నారు. నికార్సయిన కన్సర్వేటివ్ లెక్క. 1989 ఆగస్టులో ఆ చట్టం వెనకున్న కాంగ్రెస్ నాయకుడు రాస్టెన్‌కౌస్కీని షికాగోలో ముసలివాళ్ళు వీధిలో తరిమారు, ఒకావిడ ఆయన కారు బానెట్ మీదకు ఎక్కేసింది. ఆ ఏడాది తిరక్కుండానే చట్టం రద్దు. కాబట్టి సాయం కావాలని అడగండి, బిల్లు వస్తే మాత్రం బానెట్ ఎక్కండి.

ఇప్పుడు అసలు విద్య. ఖర్చు ఎక్కడుందో వెతికేటప్పుడు మన పెరట్లో మాత్రం వెతకొద్దు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా కుటుంబానికి ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జీతాలు పెంచకూడదని ప్రభుత్వం కట్టడి చేస్తే, పనివాళ్ళను ఆకట్టుకోవడానికి కంపెనీలు ఆరోగ్య బీమా ఎర వేశాయి. అలా మొదలైంది. 1954లో పన్ను చట్టం దానికి రాజముద్ర వేసింది. మీ తరఫున కంపెనీ కట్టే ప్రీమియం కూడా మీ సంపాదనే, కానీ దాని మీద ఆదాయపన్ను లేదు, సోషల్ సెక్యూరిటీ పన్నూ లేదు. జీతం పెద్దదైన కొద్దీ ఆదాయపన్ను రేటు పెద్దది, కాబట్టి మిగులూ పెద్దది. గోదాములో పెట్టెలు మోసేవాడికి కంపెనీ బీమా లేకపోతే ఈ సాయం సున్నా. ప్రభుత్వం ఎవరికీ చెక్కు రాయదు కనక దీన్ని ఎవరూ ఖర్చనరు. ఖజానాకు రావాల్సింది రాకపోవడం, ఖజానాలోంచి పోవడం రెండూ ఒకటేనని ఏ కిరాణా కొట్టు గుమాస్తాకైనా తెలుసు. మనకు మాత్రం తెలియకూడదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకాలి, అదీ కాస్త పెద్ద గొంతుతో.

మావాడే, రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెక్‌కెయిన్, 2008 అధ్యక్ష ఎన్నికల్లో ఈ మినహాయింపు తీసేసి దాని బదులు ప్రతి కుటుంబానికి 5,000 డాలర్ల పన్ను రాయితీ ఇద్దామన్నాడు. ధనికుడికీ పేదకీ ఒకటే మొత్తం. నాకు మెక్‌కెయిన్ అంటే ప్రాణం, ఆ ఒక్క పేజీ తప్ప. ప్రత్యర్థి ఒబామా ఆ పేజీనే పట్టుకుని టీవీల్లో ఉతికాడు. గెలిచాక తెచ్చిన చట్టంలో, అంటే ఒబామాకేర్‌లో, తనే ఖరీదైన పాలసీల మీద 40 శాతం పన్ను పెట్టాడు. ఆ పన్నును వాయిదా వేశారు, మళ్ళీ వాయిదా వేశారు, 2019 డిసెంబరులో ఒక్క సెంటు కూడా వసూలు కాకుండానే కొట్టేశారు. రెండు పార్టీలూ చేతులు కలిపాయి. ఆ వారం నేను రాజకీయాల ఊసే ఎత్తలేదు, ఇంట్లో అందరూ ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

మార్కెట్టును పొగడండి, కానీ మార్కెట్టుకు వెళ్ళకండి. ఆస్పత్రులు ధరలు దాచిపెడతాయి, అవి బయటపెడితే పోటీ పెరిగి అన్నీ చవకవుతాయి అని నేను పదేళ్ళు వాదించాను. ఇందులో నా మాట సబబే అని ఇప్పటికీ అంటాను. ట్రంప్ ప్రభుత్వం నిబంధన తెచ్చింది, 2021 జనవరి 1 నుంచి ఆస్పత్రులు ధరలు ప్రకటించి తీరాలి. పోయినేడు నా మోకాలికి స్కానింగ్ రాశారు. ధరల పట్టిక చూశానా? ఇంటికి దగ్గర, పార్కింగ్ ఉచితం, అక్కడికే వెళ్ళాను.

కుటుంబం విషయంలో ఇంకొంచెం మెలకువ కావాలి. 2012 జూన్‌లో తణుకు నుంచి అమ్మ వచ్చింది, అప్పటికి డెబ్బై రెండేళ్ళు. టికెట్టుతో పాటు విజిటర్స్ ఇన్సూరెన్స్ కూడా కొన్నాను, ఉన్నవాటిల్లో చవకది. ఆరు నెలలకు సరిపడా షుగర్ బిళ్ళలు మాత్రం తనే ఆవకాయ సీసా చుట్టూ సర్దుకుని తెచ్చుకుంది. జూన్ 28 పొద్దున ఒబామాకేర్ మీద సుప్రీంకోర్టు తీర్పు. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ మనవాడు కదా అని ధీమాగా కూర్చుంటే, ఇన్సూరెన్స్ కొననివాడి మీద వేసేది పన్ను కిందికి వస్తుంది, పన్ను వేసే అధికారం కాంగ్రెస్‌కు ఉంది అంటూ 5-4తో చట్టాన్ని నిలబెట్టేశాడు. నేను హాల్లో టీవీ మీద అరుస్తున్నాను. ముందే జబ్బున్నవాడికీ పాలసీ ఇచ్చి తీరాలంటే కంపెనీలు బతకొద్దా, ఇల్లు అంటుకున్నాక వచ్చి బీమా అడుగుతారా అని. లోపల, టబ్బులో బకెట్టూ చెంబూ పెట్టుకుని స్నానం చేస్తున్న అమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది.

ఎమర్జెన్సీలో ఎవరూ ముందు డబ్బు అడగలేదు. తుంటికి ఎక్స్‌రే, తలకు స్కాన్, రక్తపరీక్షలు, అన్నీ చకచకా అయిపోయాయి. 1986 నాటి చట్టం చలవ అది. మెడికేర్ డబ్బు తీసుకునే ఆస్పత్రి ఎమర్జెన్సీకి ఎవరొచ్చినా, జేబు తడిమి చూడకుండా పరీక్షించాలి, ప్రాణాపాయం ఉంటే గట్టెక్కించాలి. సంతకం మళ్ళీ రీగన్‌దే. 1961లో, మెడికేర్ ఇంకా మాటల్లో ఉండగానే, ఇది సోషలిజానికి దారి అని గ్రామఫోన్ రికార్డు ఇచ్చిన రీగన్. డాక్టర్ల భార్యలు స్నేహితురాళ్ళను కాఫీకి పిలిచి, ఆ రికార్డు పెట్టి, కాంగ్రెస్‌కు ఉత్తరాలు రాయించేవారు. నాకు ఆ కథంటే ఇష్టం. ఆ రోజు స్ట్రెచర్ పక్కన మాత్రం గుర్తురాలేదు. "ఇదంతా ఎవరు కడతార్రా?" అంది అమ్మ. "ఇన్సూరెన్స్ ఉందమ్మా" అన్నాను.

రెండు నెలలకు ఇన్సూరెన్స్ వాళ్ళ ఉత్తరం వచ్చింది. కళ్ళు తిరగడానికి కారణం షుగర్, షుగర్ ముందునుంచీ ఉంది, ముందునుంచీ ఉన్న జబ్బుకు పాలసీ వర్తించదు. బిల్లు 11,400 డాలర్లు. ఫోన్లో వాళ్ళతో నేనన్న మాటను మా ఆవిడ ఇప్పటికీ చుట్టాల ముందు నా గొంతుతో చెబుతుంది: "జబ్బున్నవాళ్ళకు పనికిరాని ఇన్సూరెన్స్ ఎవరికయ్యా?" చివరికి ఆస్పత్రి బిల్లింగ్ వాళ్ళతో సుల్తాన్ బజార్‌లో చీరకు బేరమాడినట్టు ఆడి 4,000కు దించాను. చిట్కా ఏమిటంటే, అలాంటి ఫోన్లు గరాజ్‌లో తలుపేసుకుని చేయాలి.

ఆ సుప్రీంకోర్టు తీర్పులోనే మాకు కలిసొచ్చిన ముక్క ఒకటుంది. పేదల వైద్యానికి మెడికెయిడ్‌ను విస్తరించడం రాష్ట్రాల ఇష్టం అన్నారు. మా టెక్సాస్ ఇప్పటికీ ఒప్పుకోలేదు. పెద్దవాళ్ళలో పిల్లల్లేనివాళ్ళకు, అంగవైకల్యం లాంటిది ఉంటే తప్ప, ఇక్కడ ఎంత పేదరికం ఉన్నా మెడికెయిడ్ రాదు. మా ఇంట్లో గడ్డి కోసే అతను ఇక్కడే పుట్టాడు, వయసు యాభై, ఒంటరివాడు. సొంతంగా పాలసీ కొందామంటే, సబ్సిడీ రావాలంటే పేదరికపు గీతకు పైన సంపాదన చూపించాలి. 2025 లెక్కల్లో ఒంటరి మనిషికి ఆ గీత 15,650 డాలర్లు. అతని సంపాదన అంతకన్నా తక్కువ. ఇంకొంచెం తక్కువ పేదవాడైతే ప్రభుత్వం సాయం చేసేది. కష్టపడకుండా ఉచిత వైద్యం తినేవాళ్ళ గురించి నేను వాకిట్లో ఫోన్లో ఉపన్యాసం ఇస్తుంటే, అతను మర్యాదగా మిషను ఆపుతాడు. అతన్ని ఇన్సూరెన్స్ ఉందా అని అడక్కండి. నేనొకసారి అడిగి రోజంతా పాడుచేసుకున్నాను.

అందరూ ఇన్సూరెన్స్ కొనాల్సిందే అనే ఆలోచన 1989లో హెరిటేజ్ ఫౌండేషన్ అనే మన సంస్థదే కదా, 2006లో మసాచుసెట్స్‌లో దాన్ని చట్టం చేసింది మన రోమ్నీయే కదా అని ఎవరైనా అంటే, బిర్యానీలో ఉప్పు ఎక్కువైందనండి.

అప్పు సంగతి మాత్రం నేను వేళాకోళంగా అనను. అమెరికా అప్పు 36 లక్షల కోట్ల డాలర్లు దాటిపోయింది. 2023లో ఈ దేశం వైద్యం మీద పెట్టింది, ప్రభుత్వానిదీ ప్రైవేటుదీ కలిపి, 4.9 లక్షల కోట్ల డాలర్లు, తలకు 14,570. ఇలా పోతే నా మనవరాలు వడ్డీ కడుతూ బతకాలి. ఆ భయం నిజమైనది, రాత్రిళ్ళు నిద్ర పట్టనిది. ఇంత భయం ఉన్నప్పుడు ఎక్కడ కోయాలో వరస తెలిసి ఉండాలి. ముందు విదేశీ సాయం కోయమనండి. 2023లో కూడా అది బడ్జెట్లో నూటికి ఒకటి దగ్గరే కనక ఎంత కోసినా మనకు నొప్పి తెలియదు. తర్వాత వృథా, అవినీతి అనండి, పేర్లు చెప్పకండి. మెడికేర్ దాకా వచ్చేసరికి కాఫీలు వస్తాయి, ఆపేయండి.

ఇన్సులిన్ గురించి కూడా అడుగుతారు. అమ్మ షుగర్ నాకూ వచ్చింది. మెడికేర్‌లో ఉన్నవాళ్ళకు నెలకు 35 డాలర్లకు మించకుండా ఇన్సులిన్ ఇవ్వాలని 2022లో బైడెన్ చట్టం చేశాడు. ధరల మీద సర్కారు కర్రపెత్తనం అది, నేను పూర్తిగా వ్యతిరేకం. ఫార్మసీ వరసలో నిలబడే వ్యతిరేకిస్తున్నాను.

పోయిన నెల కుడికంటికి శుక్లం తీశారు. వచ్చే మంగళవారం ఎడమకన్ను. ఒప్పుకున్న ధరలో 80 శాతం మెడికేర్‌ది, మిగతా దానికి సప్లిమెంట్ పాలసీ ఉంది. శనివారం భోజనాలకు మాత్రం వస్తున్నాను. నా బల్ల దగ్గర కుర్చీలు ఖాళీగానే ఉంటాయి, వచ్చి కూర్చోండి.