ఆయమ్మా? డేకేరా?

కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు తెగని పంచాయితీ ఒకటే: ఏడాదిన్నర బుడతణ్ణి ఆయమ్మ దగ్గరే ఉంచాలా, డేకేర్‌లో వేయాలా?

ఆయమ్మ దగ్గరుంటే సీరియల్ పాట వినగానే పాలగ్లాసు వదిలేసి టీవీ ముందు వాలుతున్నాడట. డేకేర్‌లో వేస్తే ముక్కు కారుతూ వస్తాడు, మర్నాడే ‘జ్వరం తగ్గాక పంపండి’ అని మెసేజ్. తెనాలి అమ్మమ్మకు ఓపికుంది, మోకాళ్లకే లేదు. అమ్మ మీటింగ్‌లో కూర్చుని బల్ల కింద ఫోన్‌లో సీసీ కెమెరా చూస్తుంటుంది. నాన్నది మాత్రం విశాల హృదయం, ‘నీ ఇష్టం’ అంటాడు. సెలవు పెట్టాల్సిన రోజునే ఆయనకు క్లయింట్ కాల్!

ఇంతకీ 50 మంది, అంతకుమించి పనిచేసే సంస్థ పిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లోనే సవరణ తెచ్చారు. (నాన్న వెళ్లి చూడటం గురించి అందులో ముక్క లేదు. చట్టం కూడా ‘నీ ఇష్టం’ బాపతే!) జిమ్‌కీ, టేబుల్ టెన్నిస్ బల్లకీ జాగా దొరికిన ఆఫీసులో ఉయ్యాలకే కరవొచ్చిందా?

అమ్మలూ, ఆయమ్మను తర్వాత నిలదీద్దురుగానీ, ముందు హెచ్చార్‌ను అడగండి.