టానిక్ నీళ్ళ మత్తు

"ఒక్క పెగ్గు లోపలికి పోయిందా, ఇంక నా చేతిలో ఏమీ ఉండదు." ఏళ్ళ తరబడి నేను చెప్పుకొచ్చిన మాట ఇది. కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో పుట్టినవాడికి ఇంకో సాకు కూడా ఉంటుంది. మా నాన్న చాంపియన్ రీఫ్ గనిలో పాతాళానికి దిగి, పైకొచ్చి సారాయి ప్యాకెట్ కొరికేవాడు. ఆ నెత్తురే నాది అనేవాణ్ణి. 2001లో గనులు మూతపడ్డాయి, 2007లో కర్ణాటకలో సారాయీ పోయింది. సాకు మాత్రం పోలేదు.

మా బావమరిది మైసూరులో సైకాలజీ చదువుతున్నాడు. మొన్న ఊరికొచ్చినప్పుడు, "వోడ్కా తెచ్చినా బావా, సగం డబ్బులు నువ్వియ్యి" అన్నాడు. ఇచ్చాను. మిద్దె మీద కూర్చున్నాం. రెండో గ్లాసుకే చెవులు వేడెక్కాయి. గనుల వ్యర్థాలు పోసిన సైనైడ్ దిబ్బల వైపు చెయ్యి చాపి, అందులో మిగిలిన బంగారమంతా తీయించి జిల్లాకి పంచిపెడతానన్నాను. ఆపమన్న మా ఆవిడని, ఆమె పుట్టింటినీ కలిపి నాలుగు మాటలన్నాను. గోడ పట్టుకుని మెట్లు దిగాను. తెల్లారి తలనొప్పని మాత్ర వేసుకుని, బెంగళూరు రైలు వదిలేసి ఆఫీసుకి సెలవు పెట్టాను.

సాయంత్రం వాడు నింపాదిగా చెప్పాడు. నా గ్లాసులో ఉన్నది టానిక్ వాటరు, నిమ్మరసం. వాసన కోసం అంచుకి మాత్రం వోడ్కా రాశాడట.

అది వాడి సొంత తెలివి కాదు. 1973లో అమెరికాలో అలాన్ మార్లట్ బృందం తాగుడుకి బానిసలైనవాళ్ళనీ, సరదాకి తాగేవాళ్ళనీ పిలిచి, రుచి చూసి చెప్పమంది. రుచి వట్టి నెపం. ఎవరెంత తాగారన్నదే కొలిచారు. ఒక వంతు వోడ్కాకి అయిదు వంతుల టానిక్ కలిపితే నాలుక పోల్చుకోలేదు. వోడ్కా అని చెప్పి కొందరికి వోడ్కా, కొందరికి వట్టి టానిక్ ఇచ్చారు. టానిక్ అని చెప్పి కూడా అలాగే రెండు రకాలు. ఎక్కువ తాగింది వోడ్కా అని నమ్మినవాళ్ళు, గ్లాసులో ఏమున్నా సరే. టానిక్ అనుకుని వోడ్కా తాగిన బానిసలు కూడా అదుపు తప్పలేదు. నా "ఒక్క పెగ్గు" సిద్ధాంతం అక్కడే కూలింది.

అలాగని వ్యసనమంతా భ్రమ అనుకునేరు. విపరీతంగా తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే వచ్చే వణుకు, ఫిట్సు నమ్మకంతో వచ్చేవి కావు. అది డాక్టరు చూడాల్సిన సంగతి.

పుట్టింటిని అన్న మాటలు మందు మీద అన్నవేనని మా ఆవిడ క్షమించేసింది. వాడు అక్కకి అసలు సంగతి ఇంకా చెప్పలేదు. సీసా డబ్బులు తిరిగి అడగడానికి నాకు నోరు రావడం లేదు.