పన్నెండుగారు

కాలిఫోర్నియాలో ఆదివారం పొద్దున్నే ఏదో ఒక కాఫీ షాపు ముందు పాతకార్ల వాళ్లు పోగవుతారు. బానెట్లు లేపి పెట్టుకుని, ఒకరి బండి చుట్టూ ఒకరు చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతారు. అందులో పోర్షేల వరస వేరే. 911లన్నీ పక్కపక్కన తళతళలాడుతుంటాయి. ఆ చివర అచ్చం వాటిలాగే ఉన్న బండి ఇంకొకటి ఉంటుంది. దాని పక్కన ఒకాయన ఎవరినీ పలకరించకుండా, ఎవరైనా పలకరించకపోతారా అన్నట్టు నిలబడి ఉంటాడు. ఆయనే పన్నెండుగారు. కన్నవారు పెట్టిన పేరు ఇంకేదో ఉంటుంది కానీ, దాన్ని వాడేవాళ్లు తక్కువ.

ఆయన ఎదురుచూసేది ఒక్క ప్రశ్న కోసం. "బావుందండీ, ఏ సంవత్సరం 911 ఇది?"

ఆ ప్రశ్న పడగానే ఆయన ముఖంలో ఓ నొప్పి కనిపిస్తుంది. నమ్మకండి, అది ఆనందం. కొంచెంసేపు నేల చూసి, "911 కాదండీ" అంటాడు. కాస్త ఆగుతాడు. "912."

"అంటే 911 తర్వాత వచ్చిన కొత్త మోడలా?" అని అడిగారా, మీ కాఫీ చల్లారిపోయినట్టే. "ఓహో, నాలుగు సిలిండర్లదా" అన్నారా, మధ్యాహ్నం భోజనం కూడా మరిచిపోవచ్చు.

కథ ఆయన 1963 ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షో దగ్గర మొదలుపెడతాడు. అక్కడ పోర్షే వారు 901 అనే కొత్త కారు చూపించారు. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ప్యూజో వాళ్లు తగాదా పెడితే అదే 911 అయింది. రెండు లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు, 130 హార్స్‌పవర్. ధర వినేసరికి అంతవరకూ పాత 356 మోడలు కొనుక్కుంటూ వచ్చిన ఖాతాదారులకు గుండె గుభేలుమంది. దాంతో కంపెనీ వాళ్లు, సెలవు తీసుకుంటున్న ఆ 356 ఇంజన్నే, 1582 సీసీ, నాలుగు సిలిండర్లది, 90 హార్స్‌పవర్‌కి కాస్త తగ్గించి, 911 ఒంట్లో పెట్టి 1965లో 912 అని బయటికి వదిలారు. అమెరికాలో 911 దాదాపు 6,500 డాలర్లుంటే ఇది 4,700 దరిదాపుల్లో వచ్చేది. ఒకే ఇంట్లో పిల్లల్ని చేసుకున్న ఇద్దరు తోడల్లుళ్లన్నమాట. ఇద్దరికీ ఒకే పంచెలచాపు పెట్టారు, ఒకే పీట వేశారు. ఒకాయన కలెక్టరాఫీసులో ఆఫీసరు, రెండో ఆయన అదే ఆఫీసులో గుమాస్తా. పండక్కి వచ్చినవాళ్లంతా పెద్దల్లుడి దగ్గర ఆగి, చిన్నల్లుడి వైపు ఓ నమస్కారం విసిరిపోతారు. పన్నెండుగారు ఆ చిన్నల్లుడి తరఫు వకీలు.

వకీలన్నాక సాక్ష్యాలుంటాయి. మొదటి సాక్ష్యం: వచ్చిన కొత్తలో 911 కన్నా 912లే ఎక్కువ అమ్ముడయ్యాయి. 1965 నుంచి 1969 వరకు 30,000 పైచిలుకు తయారయ్యాయి. రెండోది: పోర్షే కంపెనీ తయారుచేసిన లక్షో కారు 912. 1966 డిసెంబరులో దాన్ని బాడెన్-వుర్టెంబర్గ్ పోలీసులకు ఇచ్చారు. "పోలీసులకండీ! దొంగల్ని పట్టుకోవడానికి!" అని ఆయన వేలెత్తి చెబుతాడు. ఆ రోజుల్లో దొంగలు ఏం నడిపేవారో మనం అడగకూడదు. మూడోది: 1967లో పోలండ్ ర్యాలీని సోబియెస్లావ్ జసాడా గెలిచింది 912తోనే. ఆ పేరు ఆయన మూడుసార్లు పలుకుతాడు, మూడుసార్లూ మూడు రకాలుగా.

తర్వాత బరువు సంగతి. పోర్షే ఇంజను ఉండేది వెనక, అదీ వెనక చక్రాలకు అవతల. మనవాళ్ల లెక్కలో డిక్కీ ఉండాల్సిన చోటు. ఆరు సిలిండర్ల బరువు అక్కడ వేలాడుతుంటే మలుపులో 911 తోక విసిరేది. దానికి మందుగా మొదట్లో కంపెనీ వాళ్లు ముందు బంపరు రెండు చివర్లలో చెరో 11 కిలోల ఇనుము దాచారు. ఈ ముక్క దగ్గర పన్నెండుగారు గొంతు తగ్గించి, పక్కన 911 ఆయనకు వినపడేంత మెల్లగా, "లక్షలు పోసి కొని ఇనుము మోసుకు తిరిగారండీ" అంటాడు. 912 ఇంజను తేలిక, బండి మొత్తం దాదాపు 100 కిలోలు తక్కువ. అందుకని మలుపులో బుద్ధిగా వెళుతుంది. ఈ మాట నిజం. ఆయన చెప్పేవాటిలో చాలామటుకు నిజాలే, అదే ఆయనతో వచ్చిన చిక్కు. అబద్ధాలాడేవాడి దగ్గర్నుంచి ఏదో వంకన లేచిపోవచ్చు.

మలుపు అయ్యాక తిన్ననిదారి వస్తుంది కదా, అక్కడ కథ ఇంకోలా ఉంటుంది. 911 గంటకు 210 కిలోమీటర్లు వెళితే ఇది 185. "ఇక్కడ 105 దాటితే టికెట్టిస్తారు, మిగతాదంతా ఏం చేసుకుంటారండీ?" అంటాడాయన. కొండదారిలో, వెనక సీట్లో పిల్లలు పోట్లాడుకుంటున్న ఓ మినీవ్యాన్ ఆయన్ని దాటిపోయినప్పుడు పక్కన నేనున్నాను. ఆయన అద్దంలో చూసి, "వెళ్లనిచ్చాను" అన్నాడు.

అత్యవసరానికి అమెరికాలో నొక్కే నెంబరు 911. దీనిమీద ఆయన సొంత కవిత్వం ఒకటుంది: ఆపదలో ఉన్నవాడు 911 నొక్కుతాడు, హాయిగా ఉన్నవాడు 912 నడుపుతాడు. మొదటిసారి నవ్వాను.

ఈ జాతిలో మనవాళ్లూ లేకపోలేదు. నాకు తెలిసిన ఓ రాజమండ్రి పన్నెండుగారు బండి కొనేటప్పుడు ఇంట్లో చెప్పిన మాట: "పోర్షే అని కంగారుపడకు, లోపల బీటిల్ ఇంజన్ లాంటిదే. నీళ్లుండవు, రేడియేటర్ ఉండదు, ఫ్యాను గాలికే చల్లబడుతుంది. ఖర్చేముంటుంది?" అదే మనిషిని ఆదివారం మీటింగులో ఎవరో "ఇది బీటిల్ ఇంజనే కదా" అనబోతే, ఆయన చెవులు ఎర్రబడిపోయాయి. "దూరపు చుట్టరికం! ఇది 356 ఇంజను. దాని పిస్టన్లు వేరు, క్రాంక్‌షాఫ్ట్ వేరు!" ఇంజను విప్పి మళ్లీ కట్టించిన రోజున మెకానిక్ ఈ రెండో వాదాన్నే నమ్మి బిల్లు వేశాడు. ఆ కాగితం భార్య కంటపడకుండా ఈయన కార్బ్యురేటర్ల పుస్తకంలో పెట్టాడు. ఆవిడ తీసి చదివిన మొదటి కార్ల పుస్తకం అదే.

ఆవిడకు బండిమీద కోపమేమీ లేదు. చలికాలం హీటరు వేస్తే ఇంజను వేడే లోపలికి వస్తుంది, దాంతో పాటు ఆయిలు వాసనా వస్తుంది. "పెళ్లికి పట్టుచీర కట్టుకుని వెళ్తే అందరూ షెడ్డు నుంచి వచ్చావా అన్నారు" అని మాత్రం అంటుంది. ఊరినుంచి వచ్చిన మావగారు బండి చుట్టూ ఓసారి తిరిగి, "ఎంతిస్తుందిరా?" అన్నారు. తర్వాత "ఏసీ ఏదీ?" అన్నారు. కొడుకు 911కీ 912కీ తేడా అంతా ఓపిగ్గా చెప్పాడు. పెద్దాయన అంతా విని, వీపు మీద చెయ్యేసి, "డబ్బు తక్కువైతే నన్నడగొద్దుట్రా? ఆరు సిలిండర్లదే తీసుకునేవాడివి" అన్నారు.

పన్నెండుగారికి నిజంగా కడుపుమండేది గతం తలచుకుంటే. కొన్నేళ్లపాటు ఈ బండ్లంటే ఎవరికీ లెక్క లేదు. 356 వాళ్లు వచ్చి ఇంజను పీక్కుపోయేవారు. 911 మోజు ఉన్నవాళ్లు ఆ ఖాళీ జాగాలో ఆరు సిలిండర్లు దించేవారు. వెనక బిళ్ల మీది 2 పీకి 1 అంటించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అందుకే ఆయన ఏ 912 కనిపించినా ముందు వంగి ఇంజను చూస్తాడు, తర్వాతే ఓనరు ముఖం చూస్తాడు. ఇంజను నెంబరు కాగితాల్లో నెంబరుతో కలిస్తే కౌగలించుకుంటాడు.

ఆయన అమ్ములపొదిలో చివరి బాణం ఒకటుంది. 1970లోనూ 1971లోనూ లె మాన్స్ గెలిచిన 917 రేసుకారుంది కదా, దాని పన్నెండు సిలిండర్ల ఇంజనుకు కంపెనీ ఇచ్చిన టైపు నెంబరు 912. "అంచేత, సాంకేతికంగా చూస్తే..." అని మొదలుపెడతాడు. ఆ సాంకేతికం నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

ఇంత అవమానపడ్డ మనిషికి తనలాంటివాళ్ల మీద జాలి ఉంటుందనుకుంటాం. వరసకు ఇంకా దూరంగా, చెట్టుకింద, 914 ఆయన ఉంటాడు. అదీ గాలితో చల్లబడేదే, అదీ నాలుగు సిలిండర్లే, ఇంజను సీట్ల వెనకే మధ్యలో ఉంటుంది కాబట్టి మలుపులో 912 కన్నా బుద్ధిమంతురాలు. 1969 నుంచి 1976 దాకా లక్షకు పైగా తయారయ్యాయి. ఫోక్స్‌వాగన్‌తో కలిసి చేసింది. మొదట్లో 1.7 లీటర్లు, 80 హార్స్‌పవర్. దాని పేరెత్తితే పన్నెండుగారు పెదవి విరిచి, "అది ఫోక్స్‌వాగనండీ" అంటాడు. 911 ఆయన ఈయన బండిని చూసి ఏ రాగంలో అంటాడో అచ్చం అదే రాగంలో. 1976లో ఒక్క ఏడాది, అమెరికా కోసమే, రెండువేల పైచిలుకు చేసిన 912ఈ సంగతి మాత్రం ఎత్తకండి. పేరు చూస్తే తన వంశం, ఇంజను చూస్తే 914ది. ఆ చుట్టాన్ని పంక్తిలో ఎక్కడ కూర్చోబెట్టాలో ఆయనకే తెలియదు.

2016లో కంపెనీ తన 718 కార్లకు నాలుగు సిలిండర్ల టర్బో ఇంజన్లు పెట్టింది. లోకమంతా ఆ చప్పుడు విని ఏడ్చింది. పన్నెండుగారు ఒక్కరే, చూశారా, యాభై ఏళ్లకు దారికొచ్చారు అని సంబరపడబోయి, అవి నీళ్లతో చల్లబడతాయని గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఇప్పుడు ఆయనకు అసలు కష్టం వచ్చిపడింది. ఈ మధ్య 912ల ధరలు పెరిగాయి. పత్రికల్లో మెచ్చుకుంటున్నారు. మొన్నో ఆదివారం పాతికేళ్ల కుర్రాడొకడు దూరం నుంచే, "912 కదా సార్! 911 కన్నా దీనిదే బ్యాలెన్సంట కదా! లక్షో కారు కూడా ఇదేనట!" అంటూ వచ్చాడు. ఆయన చెప్పాల్సినవన్నీ వాడే వరసపెట్టి చెప్పేశాడు. జసాడా పేరు కూడా సరిగ్గా పలికాడు.

పన్నెండుగారి ముఖం వాడిపోయింది. "అంత లేదులే బాబూ" అన్నాడు. "90 హార్స్‌పవరేగా. కొండెక్కేటప్పుడు లాగదు. మినీవ్యాన్లు దాటిపోతుంటాయి."

"అయినా సార్, ఇదే అసలైన పోర్షే అంటున్నారు అందరూ."

"అందరూనా?"

"అందరూ సార్."

కాసేపటికి చూస్తే బండి దగ్గర ఆయన లేడు. చెట్టుకింద 914 చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాడు. దాని ఓనరు ఆనందం పట్టలేక స్టూలు తెచ్చి వేశాడు.

"దీన్ని జనం ఇంకా ఫోక్స్‌వాగనే అంటున్నారాండీ?" అని అడిగాడు పన్నెండుగారు.

"ఎక్కడికెళ్లినా అదే మాటండీ. తలెత్తుకోనివ్వరు."

పన్నెండుగారు స్టూలు ముందుకు లాక్కుని కూర్చున్నాడు. "ఇస్తే ఎంతకిస్తారు?"